రెండడుగుల ట్యాంకుకు స్పాంజ్ ఫిల్టర్ సరిపోతుంది, రాత్రిళ్లు ఆపకపోతే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. నెల కిందట పెట్టిన రెండడుగుల ట్యాంకు. అందులో పది గప్పీలు, నాలుగు మాలీలు, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి ఉంది. దాని గుడగుడకి నిద్ర పట్టక రాత్రి పడుకునేముందు ఆపేసి, పొద్దున లేచాక వేస్తున్నారు. ప్రతి ఆదివారం స్పాంజ్‌ని కుళాయి కింద పట్టి, మురికి పోయి తేట నీళ్లు కారేదాకా పిండుతున్నారు. అయినా ట్యాంకులో నీళ్లు పాలు కలిపినట్టున్నాయి, పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, రెండు గప్పీలు పోయాయి. షాపాయన "స్పాంజ్‌తో ఏమవుతుందండీ, పవర్ ఫిల్టర్ తీసుకెళ్లండి" అన్నారు, అంటే మోటారుతో నీళ్లు తోడే రకం. కొనాలా వద్దా అని మీ సందేహం.

కొనక్కర్లేదు. ఆ సైజు ట్యాంకులో గప్పీలకు, మాలీలకు మంచి స్పాంజ్ ఫిల్టర్ ఒకటి చాలు. అది ఇరవై నాలుగు గంటలూ నడవాలి, కుళాయి కింద ఉతక్కూడదు, గోల్డ్ ఫిష్‌లు వేరే ట్యాంకుకు పోవాలి. మొదటి రెండూ సరిచేయకుండా పవర్ ఫిల్టర్ తెచ్చినా, దాన్నీ రాత్రి ఆపి, ఆదివారం ఉతికితే మళ్లీ ఇదే కథ.

నేను విజయవాడలో మేడ మీద గదిలో గప్పీలు, ఫైటర్ చేపలు (బెట్టాలు) పెంచుతాను, పిల్లల్ని తీసి అమ్ముతాను. ర్యాకులో ఉన్న ట్యాంకులన్నీ స్పాంజ్ మీదే నడుస్తున్నాయి. రంగుచేపల పిల్లల్ని తీసేవాళ్ల షెడ్లలోనూ మామూలుగా కనిపించేది ఇదే: ఒక బ్లోయర్, దాన్నుంచి ట్యాంకు ట్యాంకుకూ గాలి పైపు, చివర ఒక స్పాంజ్. చవక అన్నది ఒక కారణమే గాని అదొక్కటే కాదు.

ముందు ఈ రోజు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

పంపు ఇప్పుడే వేసి ఇక ఆపకండి. శబ్దం సంగతి కింద రాశాను, దానికి దారి ఉంది. ట్యాంకు నీళ్లలో మూడో వంతు సైఫన్ పైపుతో అడుగు నుంచి తీసేసి, యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ను తీసేసే మందు) కలిపిన కొత్త నీళ్లు పోయండి. మీది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే లెక్కకు 56 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45, 50 లీటర్ల నీళ్లుంటాయి. అంటే ఒక పదిహేను లీటర్ల బకెట్ మారిస్తే చాలు. మొత్తం ఖాళీ చేసి, రాళ్లు కడిగి, ట్యాంకు తోమి మళ్లీ మొదలుపెట్టాలని మీకు అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఈ రెండు రోజులు మేత వేయకండి. బాగున్న గప్పీ రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు. ఆ తర్వాత కూడా రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో మొత్తం తినేసేంతే. స్పాంజ్‌ని ఒక నెలపాటు ముట్టుకోకండి.

వీలైతే చుక్కల మందు ఉండే అమ్మోనియా టెస్ట్ కిట్, నైట్రైట్ టెస్ట్ కిట్ తెచ్చుకోండి. రెండూ సున్నా ఉండాలి. అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటి కనిపిస్తే ఆ రోజు మళ్లీ ఒక బకెట్ నీళ్లు మార్చండి. నైట్రైట్ కనిపిస్తే నీళ్లు మార్చడంతో పాటు లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు విడిగా మగ్గులో కరిగించి, కొంచెం కొంచెంగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ ఉంటే నైట్రైట్ చేప మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లడం తగ్గుతుంది. గప్పీలకూ మాలీలకూ ఆ మాత్రం ఉప్పుతో ఇబ్బంది లేదు. మాలీలైతే ఇష్టపడతాయి కూడా. తర్వాత నీళ్లు మార్చినప్పుడు తీసేసినన్ని నీళ్లకే ఉప్పు కలపాలి, మొత్తం ట్యాంకు లెక్కన మళ్లీ వేయకూడదు.

ఇక కారణాలు.

స్పాంజ్ ఫిల్టర్‌లో నీళ్లను తోడే మోటారు లేదు. పంపు గాలిని గొట్టం అడుగుకి పంపుతుంది. బుడగలు కలిసిన నీళ్లు చుట్టూ ఉన్న నీళ్లకంటే తేలికవుతాయి కాబట్టి గొట్టంలో పైకి లేస్తాయి, ఆ ఖాళీలోకి బయటి నీళ్లు స్పాంజ్ గుండా వస్తాయి. వచ్చేటప్పుడు మడ్డి స్పాంజ్‌లో చిక్కుకుంటుంది. చాలామంది ఇంతే అనుకుంటారు, అందుకే స్పాంజ్ నల్లబడగానే "మురికి పట్టింది" అని ఉతికేస్తారు. మడ్డి పట్టడం దాని చిన్న పని. పెద్ద పని వేరే ఉంది.

చేపలు మొప్పల నుంచి నేరుగా అమ్మోనియా వదులుతాయి. మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. స్పాంజ్ రంధ్రాల గోడల మీద పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది చాలా నెమ్మదైనది, వారానికోసారి నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా అని వాటి పేర్లు వింటుంటారు. రెండు పనులూ ఒక్కటే చేసే నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని 2015లో బయటపడింది. పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు. రెండు సంగతులు గుర్తుంటే చాలు: వీటికి ఆక్సిజన్ కావాలి, ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. మామూలు కుళ్లబెట్టే బ్యాక్టీరియా అరగంటలో, గంటలో రెట్టింపవుతుంటే, ఇవి అన్నీ అనుకూలంగా ఉన్నా రెట్టింపవడానికి ఇంచుమించు ఒక రోజు తీసుకుంటాయి. కొత్త ట్యాంకు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ నెల రోజులు చూడండి. బ్యాక్టీరియా వారమంతా కాస్త కాస్త పెరుగుతుంది, ఆదివారం కుళాయి కింద సగం పోతుంది. హైదరాబాద్‌లో మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. అది మనకు మంచిది, స్పాంజ్‌లో ఉన్నవాటికి కాదు. నిజం చెప్పాలంటే, నిమిషం పాటు క్లోరిన్ నీళ్లు తగిలితే అన్నీ చచ్చిపోతాయనేది అతిశయోక్తి. అవి జిగురు పొరలో అతుక్కుని ఉంటాయి, అంత తేలిగ్గా పోవు. కానీ క్లోరిన్‌తో పాటు తేట నీళ్లు కారేదాకా గట్టిగా పిండారు చూశారూ, ఆ పిండడంలో జిగురు పొర కూడా చాలావరకు ఊడిపోతుంది. అదే మీది బోరు నీళ్లయితే క్లోరిన్ బాధ లేదు గాని, పిండుడు బాధ అలాగే ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంపులో మున్సిపల్, బోరు, ట్యాంకర్ మూడూ కలుస్తుంటాయి కాబట్టి క్లోరిన్ ఉందనుకుని నడుచుకోవడమే మంచిది.

ఇక రాత్రి ఆపడం. పంపు ఆగితే స్పాంజ్ గుండా నీళ్లు కదలవు. లోపలి పొరల్లో ఉన్న ఆక్సిజన్‌ను అక్కడి బ్యాక్టీరియా కొన్ని గంటల్లో వాడేసుకుంటుంది. స్పాంజ్ ట్యాంకు నీళ్లలోనే తెరిచి ఉంటుంది కాబట్టి మూత బిగించిన డబ్బాలా ఉండే కానిస్టర్ ఫిల్టర్ కంటే నయం, ఒక్క రాత్రికే మొత్తం నాశనమైపోదు. కానీ ఎనిమిది గంటలు దాని పని ఆగిపోతుంది, చేపలు అమ్మోనియా వదలడం మాత్రం ఆగదు.

పొద్దున్నే చేపలు పైకి రావడానికి దగ్గరి కారణం ఇంకోటి ఉంది. పైనీళ్లు కదలకపోతే గాలిలోని ఆక్సిజన్ కిందికి దిగడం బాగా తగ్గిపోతుంది. బుడగలు పైకి వెళ్తూ ఇచ్చేది తక్కువ, అవి పైకొచ్చి పగిలి నీటిని కదిలించడం వల్ల కలిసేదే ఎక్కువ. 25 డిగ్రీల నీళ్లు నిండుగా పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 8.2 మిల్లీగ్రాములు, 32 డిగ్రీల్లో 7.3 మాత్రమే. ఎండాకాలం మన ఇళ్లలో ట్యాంకులు 32కి తేలిగ్గా వెళ్తాయి. పైగా పాలలా ఉన్న నీళ్లంటే అందులో కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఆక్సిజన్ తాగుతోందని అర్థం. నిజమైన మొక్కలుంటే చీకట్లో అవీ తీసుకునేవే. మా వైపు భీమవరం, కైకలూరు చేపల చెరువుల్లో తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుందనే ఏరేటర్లు తిప్పుతారు. మీ ట్యాంకులో సరిగ్గా ఆ వేళకే పంపు ఆగి ఉంటోంది.

నీళ్లు పాలలా ఉండటం గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. మేత ఎక్కువై, కొత్త ట్యాంకులో కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలోనే విరగబడి పెరిగితే అలా అవుతుంది. మేత తగ్గించి, ఫిల్టర్ ఆగకుండా నడిస్తే వారం పది రోజుల్లో దానంతట అదే తేటపడుతుంది. షాపుల్లో అమ్మే "నీళ్లు తేటచేసే" మందులు అవసరం లేదు.

మీ ట్యాంకులో అమ్మోనియా ఎందుకు ఎక్కువ పట్టించుకోవాలంటే, హైదరాబాద్ బోరు నీళ్లు మామూలుగా గట్టి నీళ్లు, పీహెచ్ 8 దాకా ఉండొచ్చు. గట్టి నీళ్లు గప్పీలకు, మాలీలకు హాయి, అది మీకు కలిసొచ్చేది. కానీ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌తో పాటు, వేడితో పాటు పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 ఉంటే ఏడు శాతం దాటుతుంది. కిట్‌లో అదే రంగు కనిపించినా వేరే ఊళ్లో మెత్తటి నీళ్లు వాడే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ల చేపలు బాగుండి, మీవి పోవడానికి ఇదొక కారణం కావచ్చు.

కడగడం ఎలాగంటే: నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లు బకెట్‌లో ఉంటాయి కదా, స్పాంజ్‌ని అందులో ముంచి నాలుగైదు సార్లు నొక్కి వదలండి. నీళ్లు నల్లటి డికాషన్ రంగుకొస్తాయి. అంతే, ఆపేయండి. స్పాంజ్ గోధుమ రంగులోనే ఉండాలి, కొత్తదానిలా అవకూడదు. ట్యాంకులోంచి తీసేటప్పుడు ముందు పంపు ఆపి, నీళ్లలోనే స్పాంజ్ కింద ఒక ప్లాస్టిక్ కవరో డబ్బానో పట్టి దాంతో సహా ఎత్తండి. లేకపోతే మడ్డి అంతా ట్యాంకులో చెదిరిపోతుంది. పంపు మళ్లీ వేయడం మర్చిపోకండి, ఇది చాలామందికి జరిగేదే. సబ్బు, సర్ఫ్, డెట్టాల్ లాంటివి దాని దరిదాపుల్లోకి రాకూడదు.

ఎన్నాళ్లకోసారి అంటే క్యాలెండర్ చూసి కాదు, దాని పనిచూసి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బుడగలు బాగా వస్తున్నాయంటే ఫిల్టర్ బాగా పనిచేస్తోందని కాదు. గాలి పంపు నుంచి వస్తుంది, స్పాంజ్ నుంచి కాదు. స్పాంజ్ పూర్తిగా మూసుకుపోయినా బుడగలు మామూలుగానే వస్తుంటాయి, తగ్గేది నీటి పారుదల. చిటికెడు మేతపొడి గొట్టం మూతి దగ్గర వేసి చూడండి. చురుగ్గా దూరంగా తోసేస్తే బాగుంది. అక్కడే గిరగిరా తిరుగుతుంటే స్పాంజ్ నొక్కే సమయం వచ్చింది. అదే బుడగలే తగ్గాయంటే లోపం స్పాంజ్‌ది కాదు. లోపలి ఎయిర్ స్టోన్ (గాలిని సన్నటి బుడగలుగా చేసే చిన్న రాయి) మూసుకుపోయి ఉండొచ్చు, పైపు ఎక్కడో నలిగి ఉండొచ్చు, లేదా పంపులో రబ్బరు డయాఫ్రమ్ అరిగి ఉండొచ్చు. గట్టి నీళ్లున్న ఊళ్లలో ఎయిర్ స్టోన్‌కి తెల్లటి సున్నం పడుతుంది, కాబట్టి మీ విషయంలో ముందు అదే చూడండి. మీ చేపల సంఖ్యకు స్పాంజ్ నొక్కడం నెలకోసారి అయితే సరిపోతుందని నా అంచనా.

కుదిరితే రెండో స్పాంజ్ ఒకటి అవతలి మూల పెట్టండి. రెండు, మూడు వందల్లో వస్తుంది. రెండు మూతులున్న పంపు ఒకటే రెండింటికీ సరిపోతుంది. ఈసారి ఒకటి, వచ్చే నెల ఇంకోటి నొక్కితే బ్యాక్టీరియా ఎప్పుడూ సగానికి తగ్గదు. ఇంకో లాభం: రేపు కొత్త చేప తెచ్చి విడిగా పెట్టాలన్నా, జబ్బు చేపను వేరు చేయాలన్నా, నడుస్తున్న స్పాంజ్ తీసుకెళ్లి చిన్న ట్యాంకులో పెడితే అది ఆ రోజు నుంచే పనిచేస్తుంది, పాలకు తోడు పెట్టినట్టు. తెలిసినవాళ్ల ట్యాంకులోంచి పాత స్పాంజ్ తెచ్చుకున్నా ఇదే ఫలితం. అయితే వాళ్ల చేపలకు జబ్బులున్నాయేమో చూసుకోండి, నీళ్లతో పాటు అవీ వస్తాయి. తెచ్చేటప్పుడు స్పాంజ్ తడిగా ఉంటే చాలు. నీళ్లు నింపి మూతి కట్టేసిన కవర్లో గంటల తరబడి ఉంచితే లోపల ఊపిరాడదు.

మందు వాడిన స్పాంజ్‌ని మాత్రం నమ్మకండి. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్‌లు ఈ బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. జబ్బు ట్యాంకులో వాడినదాన్ని ఆ ట్యాంకుకే ఉంచండి.

ఇక మీ అసలు బాధ, శబ్దం. రెండు రకాల శబ్దాలుంటాయి. ఒకటి పంపు గుంయ్ మనడం, రెండోది గొట్టంలో గుడగుడ. పంపు చెక్క స్టాండ్ మీదో, ట్యాంకు అద్దానికి తగులుతూనో ఉంటే స్టాండ్ మొత్తం మోగుతుంది. పాత టవల్ మడతపెట్టి దాని మీద పెట్టండి, లేదా తాడుతో గోడ మేకుకు వేలాడదీయండి. వేలాడదీస్తే ఎంత తేడా వస్తుందో మీరే ఆశ్చర్యపోతారు. గుడగుడ తగ్గాలంటే గొట్టం లోపల, గాలి వచ్చే చోట చిన్న ఎయిర్ స్టోన్ పెట్టండి. పెద్ద బుడగలు సన్నగా మారతాయి, శబ్దం తగ్గుతుంది, పైగా అదే గాలికి ఎక్కువ నీళ్లు లేస్తాయి. కొన్ని కంపెనీల ఫిల్టర్లలో అది ముందే ఉంటుంది, చాలా చవక రకాల్లో ఉండదు. ఫిల్టర్ కొన్నప్పుడు ఇచ్చిన గొట్టం ముక్కలన్నీ బిగించి, మూతి నీటిమట్టానికి కొంచెం కిందికి వచ్చేలా చూడండి. పొట్టి గొట్టంతో నడిపితే పారుదల తక్కువ. చాలామంది ఆ పొడుగు ముక్క డబ్బాలోనే వదిలేస్తారు.

గాలి ఎక్కువైతే తగ్గించడానికి పైపును నులిమి కట్టేయకండి. పంపు మీద వత్తిడి పడి డయాఫ్రమ్ త్వరగా పోతుంది. పైపును రెండుగా చీల్చే టీ (T) ఆకారపు ముక్క వేసి, అదనపు గాలిని రెండో పైపు ద్వారా బయటికో, ఇంకో ఎయిర్ స్టోన్‌కో వదిలేయండి. ఇంత చేసినా పడకగదిలో శబ్దం ఇబ్బందే అనిపిస్తే, పంపును పక్క గదిలోనో బాల్కనీలో వాన తగలని చోటనో పెట్టి పొడుగు పైపు తెచ్చుకోండి. మీటర్ల పైపు పెద్ద ఖర్చు కాదు.

పంపు ఎక్కడ పెట్టాలన్నదానికి శబ్దం కంటే ముఖ్యమైన రెండు విషయాలున్నాయి.

ఒకటి కరెంటు. పంపు నీటిమట్టం కంటే కింద ఉండి కరెంటు పోతే, ట్యాంకు నీళ్లు ఎయిర్ పైపు గుండా వెనక్కి సైఫన్ అయి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్ బోర్డు మీదికి రావచ్చు. పైపులో వన్ వే వాల్వ్ తప్పనిసరి. పది, ఇరవై రూపాయల వస్తువు అది. నోటితో ఊది చూడండి, ఒకవైపే గాలి పోవాలి, ఆ వైపు ట్యాంకు దిక్కు ఉండాలి. అది కూడా ఏడాది రెండేళ్లకు పాడవుతుంది కాబట్టి పంపును నీటిమట్టానికి పైన షెల్ఫ్ మీద పెట్టడం ఇంకా మంచిది.

రెండోది దోమల మందు. దీని గురించి షాపుల్లో ఎవరూ చెప్పరు. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది. దోమల కాయిల్స్‌లో, ప్లగ్‌కి పెట్టే లిక్విడ్‌లలో, బొద్దింకల స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరెథ్రాయిడ్ జాతి మందులు, మనుషులకు పెద్దగా ఏమీ కాకపోయినా చేపలకు, ముఖ్యంగా ట్యాంకుల్లో పెంచే చిన్న రొయ్యలకు చాలా ప్రమాదం. పంపు పక్కనే లిక్విడ్ ప్లగ్ ఉంటే రాత్రంతా అది ట్యాంకులోకే పోతున్నట్టు. మీరు పెట్టిన ఫొటోలో ఒకే బోర్డుకు పంపు, దోమల మందు రెండూ కనిపిస్తున్నాయి. ముందు దాన్ని అవతలి గదికి మార్చండి. సాంబ్రాణి, పెయింట్ వాసన, గదంతా కొట్టే స్ప్రే ఉన్న రోజున పంపును ఇంకో గదిలో పెట్టి పైపు ఇటు లాగి, ట్యాంకు మీద మూత వేయండి.

కరెంటు కోతల్లో ఏం చేయాలంటే, మీ దగ్గర ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపును ఆ లైన్‌కి ఇవ్వండి. చిన్న పంపు మూడు నుంచి ఐదు వాట్లే. ఐదు వాట్లదాన్ని నెలంతా ఆపకుండా నడిపినా 3.6 యూనిట్లు. ఇన్వర్టర్ లేకపోతే పవర్ బ్యాంకుతో నడిచే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు లేనప్పుడు పవర్ ఫిల్టర్‌ను ఇలా నడపడం కష్టం, స్పాంజ్‌కి గాలి ఉంటే చాలు. మే నెలలో మా ఊళ్లో ఎండలకు నేను స్పాంజ్ మీద ఇంత నమ్మకం పెట్టుకోవడానికి పెద్ద కారణం ఇదే.

గప్పీలు, మాలీలు పెంచేవాళ్లకు ఇంకో లాభం. అవి గుడ్లు కాదు, పిల్లల్నే పెడతాయి. ఆడ గప్పీకి మూడు నాలుగు వారాలకోసారి కాన్పు. పవర్ ఫిల్టర్ నోటికి ఆ పిల్లలు అతుక్కుపోతాయి. స్పాంజ్ దగ్గర ఆ భయం లేదు, పైగా స్పాంజ్ మీద పెరిగే సూక్ష్మజీవుల్ని పొద్దస్తమానం ఏరుకుని తింటాయి. ఫైటర్‌కి కూడా పొడుగు రెక్కల వల్ల జోరు ప్రవాహం పడదు, స్పాంజ్ నెమ్మదిగా నడిపితే హాయిగా ఉంటుంది.

అన్నిటికీ స్పాంజే అని నేను అనను. గోల్డ్ ఫిష్‌లు విపరీతంగా తిని, విపరీతంగా వదులుతాయి. ఇప్పుడు అంగుళంన్నర ఉన్నా సరిగ్గా పెంచితే అరచేయి దాటుతాయి. వాటికి గప్పీలకంటే చల్లటి నీళ్లు కావాలి, పెద్ద నీళ్లు కావాలి. నోట్లో పట్టినంత గప్పీ పిల్లనూ మింగేస్తాయి. మీ ట్యాంకులో అమ్మోనియా బరువులో పెద్ద భాగం ఆ రెండింటిదే అయి ఉంటుంది. షాపాయన తిరిగి తీసుకుంటే ఇచ్చేయండి, లేదా పెద్ద ట్యాంకున్న వాళ్లకు ఇవ్వండి. చెరువులోనో కుంటలోనో మాత్రం వదలకండి. ఆస్కార్, ఫ్లవర్ హార్న్ లాంటి పెద్ద చేపలకూ, నాలుగడుగులు దాటిన ట్యాంకులకూ ఒక్క స్పాంజ్‌తో నెట్టుకురావడం కష్టం. అక్కడ షాపాయన మాటే కరెక్టు. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పెట్టి మొక్కలు పెంచేవాళ్లకూ ఇది నప్పదు, బుడగలు నీళ్లను కదిలించి వాళ్లు డబ్బుపెట్టి కలిపిన గ్యాస్‌ను బయటికి పంపేస్తాయి.

ఇంకో పరిమితి కూడా చెప్పాలి. స్పాంజ్‌కి మురికిని లాగే శక్తి తక్కువ. అవతలి మూల పడిన రెట్టను అది తెచ్చుకోలేదు. వారానికోసారి పాతిక, ముప్పై శాతం నీళ్లు సైఫన్‌తో అడుగు నుంచి తీయడం మీ వంతు. అద్దంలా మెరిసే నీళ్లు కావాలంటే పవర్ ఫిల్టర్‌కి కొంచెం పైచేయి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు చూసి మెచ్చుకునేది ఆ మెరుపునే, ఒప్పుకుంటాను.

రెండో స్పాంజ్ కొంటే ఏది చూడాలి? రంధ్రాలు కాస్త పెద్దగా, ముతకగా ఉన్నది తీసుకోండి. అంగుళానికి ఇరవై, ముప్పై రంధ్రాలున్న రకం త్వరగా మూసుకుపోదు. మరీ సన్నటిది మొదటి వారం నీళ్లు బాగా తేటగా ఉంచుతుంది, తర్వాత విసిగిస్తుంది. ఎక్స్‌వై అని నంబర్లతో వచ్చే చైనా రకాలు ఎక్కడైనా దొరుకుతాయి, గప్పీలకు అవి చాలు. అడుగున బరువుందో లేదో చూసుకోండి, లేకపోతే రాత్రికి పైకి తేలి పడుకుంటుంది. కొత్తది పెట్టేముందు నీళ్లలో ముంచి బాగా నొక్కి లోపలి గాలంతా తీయాలి. వంటింటి స్క్రబ్బర్, పరుపు ఫోమ్ కోసి చేసుకునే వీడియోలు చూసి ప్రయోగాలు చేయకండి. స్క్రబ్బర్లలో కొన్నిటికి క్రిములు చంపే మందు పట్టించి ఉంటుంది, మనం పెంచాలనుకుంటున్నది ఆ క్రిముల్నే.

స్పాంజ్ పొడిపొడిగా రాలేదాకా మార్చాల్సిన పనిలేదు, ఏళ్లు వస్తుంది. మార్చాల్సి వచ్చినప్పుడు కొత్తది పాతదాని పక్కనే నెలపాటు నడిపి, అప్పుడు పాతది తీయండి.

టెస్ట్ కిట్ తెచ్చాక అమ్మోనియా, నైట్రైట్ అంకెలు, నీళ్లు బోరువో మున్సిపల్‌వో, గోల్డ్ ఫిష్‌లను ఏం చేశారో ఇక్కడే కింద రాయండి. ఈ రెండు వారాల్లో ఇంకో చేప పోతే, పోయే ముందు రెక్కలు ముడుచుకుందా, ఒంటిమీద తెల్ల చుక్కలున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా గోధుమ రంగుకు తిరిగాయా అన్నది చూసి చెప్పండి. మొప్పలు గోధుమ రంగైతే నైట్రైట్ అనుమానం. అప్పుడు కల్లుప్పు వేయడానికి కిట్ కోసం ఎదురుచూడకండి.